రాకెట్ ప్రయోగం ఎక్కడి నుంచి చూడాలి? గ్యాలరీ, పులికాట్ రోడ్డు, చెన్నై డాబా, ఇంట్లో టీవీ

శ్రీహరికోట నుంచి ప్రయోగం తేదీ ప్రకటించగానే తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటే: "ప్రయోగం చూసే గ్యాలరీకి పాస్ దొరుకుతుందా?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: "వాయిదా పడితే మర్నాడు ఉండగలరా?" దీనికి వచ్చే జవాబును బట్టే సగం నిర్ణయం అయిపోతుంది.

మా అమ్మమ్మ వాళ్లది శ్రీహరికోటకు దగ్గర్లోని సూళ్లూరుపేట. చిన్నప్పుడు సెలవుల్లో అక్కడ ఉండగా రాకెట్ ఎగిరితే మేమంతా డాబా మీదకు పరిగెత్తేవాళ్లం. అమ్మమ్మ మాత్రం వంటింట్లోనే ఉండి, అలమరలో స్టీలు గ్లాసుల వరుసకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడేది. మేము పైన తెల్లటి పొగ తీగను చూస్తూ కేకలు వేస్తుంటే అప్పటికి చప్పుడే ఉండదు. నిమిషం దాటాక ఎక్కడో భూమి అడుగు నుంచి వచ్చినట్టు గుడగుడ మొదలయ్యేది. కిటికీ అద్దాలు, ఆ తర్వాత గ్లాసులు గలగలలాడేవి. అది తగ్గాక కింద నుంచి "పోయిందా?" అని అడిగేది. ఆ తర్వాత గ్యాలరీ నుంచి చూశాను, చెన్నైలో డాబా మీద నుంచి చూశాను, ఆఫీసులో ఫోన్ డెస్కు మీద ఆనించి పెట్టుకుని కూడా చూశాను. ఒక్కో చోట ఒక్కోటి దొరికింది. ఏ చోటా అన్నీ ఇవ్వలేదు.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు వాయిదా సంగతి. చంద్రయాన్-2 ప్రయోగం 2019 జులై 15 తెల్లవారుజామున 2.51కి అనుకున్నారు. గ్యాలరీ నిండా జనం. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా కౌంట్‌డౌన్ ఆగిపోయింది. వారం తర్వాత, జులై 22 మధ్యాహ్నం 2.43కి ఎగిరింది. 2024 డిసెంబరు 4న ప్రోబా-3 ఉపగ్రహాల ప్రయోగాన్ని చివరి గంటలో ఆపేసి మర్నాడు సాయంత్రం చేశారు. గగన్‌యాన్ పరీక్ష వాహనం టీవీ-డీ1 అయితే 2023 అక్టోబరు 21న ఉదయం 8 గంటలకు అనుకున్నది అరగంట జరిగింది, ఇంకో పావుగంట జరిగింది. చివరి 5 సెకన్లలో ఆగిపోయి, లోపం సరిచేశాక 10 గంటలకు లేచింది. ఒక్క రోజు సెలవు పెట్టి హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లకు ఇలాంటివి ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

రెండోది, మీకు కావాల్సింది శబ్దమా, దారా? ఈ రెండూ ఒకే చోట పూర్తిగా దొరకవు. దగ్గరికి వెళితే గుండెల్లో అదిరే చప్పుడు దొరుకుతుంది. కానీ రాకెట్ నిటారుగా లేచి మీకు దూరమవుతూ పోతుంది, కాసేపటికి మెడ ఎత్తి ఒక చుక్కను వెతుక్కోవాలి. దూరంగా ఉంటే చప్పుడు రాదు, వచ్చినా లీలగా వస్తుంది. కానీ సముద్రం మీదుగా వంగుతూ వెళ్లే దారి మొత్తం ఒక్క చూపులో అందుతుంది. ఈ తేడా తెలియక "అంత దగ్గరికి పోయినా రెండు నిమిషాలే కనబడింది" అని నిరాశపడేవాళ్లను చాలామందిని చూశాను.

ఆ రెండు నిమిషాల లెక్క కూడా తెలిసి ఉంటే మంచిది. ఇస్రో రాకెట్లలో పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ, ఎల్‌వీఎం3 పక్కన ఉండే రెండు ఎస్200 బూస్టర్లు (పైకి నెట్టే సాయపు రాకెట్లు) ఘన ఇంధనంతో మండుతాయి. కళ్లు చెదిరే మంట, దట్టమైన తెల్ల పొగ వాటివే. పీఎస్‌ఎల్‌వీకి దాదాపు 110 సెకన్లలో, ఎల్‌వీఎం3కి రెండు నిమిషాలు దాటగానే ఆ దశ అయిపోయి విడిపోతుంది. ఆ తర్వాత మండే ద్రవ ఇంధనానికి పొగ పెద్దగా ఉండదు. పగలైతే మామూలు కంటికి అక్కడితో సరి. రాత్రయితే నక్షత్రంలాంటి చుక్క ఇంకాసేపు కనిపిస్తుంది.

మూడోది, ఏ రాకెట్, ఏ వేళ, ఏ దిక్కు. మొదటిసారి చూసేవాళ్లు ఎల్‌వీఎం3 కోసం ఆగగలిగితే ఆగండి. దాని బరువు 640 టన్నులు. పీఎస్‌ఎల్‌వీ 320 టన్నులు, ఎస్‌ఎస్‌ఎల్‌వీ 120 టన్నులే. చప్పుడులో ఆ తేడా బాగా తెలుస్తుంది. దిక్కు సంగతికొస్తే, భూస్థిర కక్ష్య వైపు వెళ్లే జీఎస్‌ఎల్‌వీ, ఎల్‌వీఎం3 తూర్పుగా సముద్రం మీదకు పోతాయి. ఉత్తర, దక్షిణ ధ్రువాల మీదుగా తిరిగే ధ్రువ కక్ష్యకు వెళ్లే పీఎస్‌ఎల్‌వీ ముందు ఆగ్నేయంగా వెళ్లి, శ్రీలంకను తప్పించుకుని, తర్వాత దక్షిణానికి తిరుగుతుంది. అందుకే చెన్నై వాళ్లకు పీఎస్‌ఎల్‌వీ ఎక్కువసేపు ఎదురుగా ఉంటుంది.

ఇక మీ వెంట ఎవరు వస్తున్నారన్నది. చంటిపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే ఎండలో మూడు నాలుగు గంటల నిరీక్షణ ఎవరికీ సుఖం కాదు.

| చోటు | ప్రయోగ వేదికకు దూరం (సూటిగా) | చప్పుడు ఎప్పుడు అందుతుంది | వాయిదా పడితే నష్టం |
|---|---|---|---|
| షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) గ్యాలరీ | ప్రజలకు అనుమతి ఉన్న అతి దగ్గరి చోటు | అర నిమిషం లోపే | ఎక్కువ |
| పులికాట్ మీది షార్ రోడ్డు | సుమారు 15 కి.మీ. | ముప్పావు నిమిషానికి | మధ్యస్థం |
| సూళ్లూరుపేట డాబాలు | సుమారు 23 కి.మీ. | నిమిషం దాటాక | మధ్యస్థం |
| పళవేర్కాడు తీరం | సుమారు 35 కి.మీ. | నిమిషంన్నర దాటాక | మధ్యస్థం |
| చెన్నై, నెల్లూరు, తిరుపతి | 75 నుంచి 90 కి.మీ. | దాదాపు రానట్టే | అక్కడివాళ్లకు ఏమీ లేదు |
| విజయవాడ, బెంగళూరు, హైదరాబాద్ | 300 నుంచి 450 కి.మీ. | రాదు | ఏమీ లేదు |
| టీవీ, యూట్యూబ్ | మీ ఇల్లే | స్పీకర్లో | ఏమీ లేదు |

చప్పుడు లెక్క మీరే వేసుకోవచ్చు. ధ్వని కిలోమీటరు దాటడానికి దాదాపు 3 సెకన్లు తీసుకుంటుంది. పిల్లలు పక్కనుంటే మంట కనబడగానే అంకెలు లెక్కపెట్టమనండి. చప్పుడు వినబడే దాకా లెక్కపెట్టి దాన్ని 3తో భాగిస్తే వేదిక ఎంత దూరంలో ఉందో వాళ్లకే తెలుస్తుంది.

షార్ గ్యాలరీ: చప్పుడు కోసం

సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం ఈ సందర్శకుల గ్యాలరీని 2019లో తెరిచింది. అంతకుముందు మామూలు జనం రోడ్ల మీద, డాబాల మీద నుంచి చూడాల్సిందే. ఇప్పుడు ప్రయోగానికి కొన్ని రోజుల ముందు ఆన్‌లైన్‌లో నమోదు మొదలవుతుంది. రుసుము లేదు. పెద్ద ప్రయోగాలకు సీట్లు చాలా త్వరగా నిండిపోతాయి. కాబట్టి తేదీ ప్రకటించిన రోజు నుంచే షార్ వెబ్‌సైట్ మీద కన్నేసి ఉంచండి. మీ పేరు, గుర్తింపు కార్డు నంబరు ముందే ఫోన్లో రాసి పెట్టుకోండి. నమోదులో ఏ కార్డు చూపారో లోపలికి వెళ్లేటప్పుడు ఒరిజినల్‌ది అదే చూపాలి. తీసుకురాకూడని వస్తువుల జాబితా పాస్‌తోపాటు వస్తే దాన్ని ఒకటికి రెండుసార్లు చదవండి.

స్టేడియంలోలా మెట్ల మీద కూర్చుంటారు. పెద్ద తెరల మీద కౌంట్‌డౌన్ నడుస్తుంటుంది. వేలమంది కలిసి చివరి పది అంకెలూ అరుస్తుంటే ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకుంటాయి. మంట ముందు కనబడుతుంది. ఆ కొన్ని సెకన్లు అంతా నిశ్శబ్దం. జనం కూడా ఠక్కున ఆగిపోతారు. అప్పుడు చప్పుడు వస్తుంది. ముందు గొణుగుడులా మొదలై, తర్వాత పెద్ద గుడ్డను ఎవరో ఆగకుండా చింపుతున్నట్టు పటపటలాడుతుంది. నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ నీళ్ల సీసాను ఒళ్లో పెట్టుకున్నారు. అందులో నీళ్లు సన్నగా వణుకుతుంటే ఆవిడ రాకెట్‌ను వదిలేసి ఆ సీసానే చూస్తూ ఉండిపోయారు. ఈ అనుభవాన్ని ఏ తెరా ఇవ్వలేదు. జీవితంలో ఒక్కసారైనా గ్యాలరీ నుంచి చూడమని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

దీనికి చెల్లించేది డబ్బు కాదు, సమయం, ఓపిక. గంటల ముందు చేరుకోవాలి. తనిఖీల వరుస ఉంటుంది. మధ్యాహ్నం ప్రయోగమైతే ఎండ, సముద్రపు ఉక్కపోత. టోపీ, నీళ్లు, ఏదో ఒక తిండి తప్పనిసరి. అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో ఉంటుంది. దీవి నుంచి సూళ్లూరుపేట వైపు జనమంతా ఒకే రోడ్డు మీద, ఒకేసారి కదులుతారు. ఆ సాయంత్రానికే చెన్నై నుంచి రైలో విమానమో బుక్ చేసుకుంటే టెన్షన్ తప్పదు. రాత్రి అక్కడే ఉండేలా చూసుకోండి. సూళ్లూరుపేటలో గదులు తక్కువ. నాయుడుపేట, గూడూరు, తడ వైపు, లేదంటే తిరుపతిలో చూసుకోవచ్చు. వచ్చిన ప్రయాణం ఊరికే పోలేదనిపించడానికి గ్యాలరీ పక్కనే అంతరిక్ష ప్రదర్శనశాల, రాకెట్ల నమూనాలు ఉన్నాయి.

సూళ్లూరుపేట, షార్ రోడ్డు: పాస్ దొరకనివాళ్లకు

పాస్ దొరకలేదని మానుకోకండి. ఇన్నేళ్లుగా ఈ ప్రాంతం వాళ్లు చూస్తున్నది ఇలాగే. సూళ్లూరుపేట జాతీయ రహదారి మీదే ఉంది, చెన్నై–గూడూరు రైలు మార్గంలో స్టేషన్ ఉంది, చెన్నై నుంచి లోకల్ రైళ్లు కూడా ఇక్కడిదాకా వస్తాయి. అంటే వాయిదా పడినా పోయేది లోకల్ టికెట్టూ ఒక పూటా. గ్యాలరీతో పోలిస్తే దీని అసలు బలం ఇదే.

ఊరు దాటాక పులికాట్ సరస్సు మధ్యగా దీవి వైపు రోడ్డు వెళుతుంది. రెండు పక్కలా నీళ్లు, ఆకాశానికి అడ్డం ఏమీ ఉండదు. చలికాలంలో ఫ్లెమింగోలు గుంపులుగా మేస్తుంటాయి. ఆ నీళ్ల మీద పొగ తీగ నీడ పడటం చూశాను. అలాంటి దృశ్యం మళ్లీ ఎక్కడా చూడలేదు. అయితే ప్రయోగం రోజు ఆ రోడ్డు మీద భద్రత గట్టిగా ఉంటుంది. ఎక్కడ ఆగాలో, అసలు ఆగొచ్చో లేదో పోలీసులదే మాట. వాళ్లు కదలమంటే వాదించకుండా కదలండి. ఆ హడావుడి వద్దనుకుంటే ఊళ్లోనే ఏదైనా ఎత్తైన డాబా చూసుకోండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. తూర్పు వైపు చెట్లు, నీళ్ల ట్యాంకులు అడ్డం లేకుండా ఉంటే చాలు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఫోన్లో లైవ్ పెట్టుకుని, అందులో "సున్నా" వచ్చాక తల ఎత్తుతారు. లైవ్ కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా ఆలస్యంగా వస్తుంది. ఫోన్లో ఇంకా అంకెలు నడుస్తుండగానే అవతల రాకెట్ చెట్ల మీదకు వచ్చేసి ఉంటుంది. గడియారం సరిచూసుకుని, ప్రకటించిన సమయానికి నిమిషం ముందే చూపు తూర్పుకు నిలపండి. ఫోన్ మాత్రం జేబులో పడేయకుండా చెవికి వినబడేలా ఉంచండి, వాయిదా కబురు అందులోనే వస్తుంది.

రాత్రి అక్కడే ఉంటే ఉదయం చెంగాలమ్మ గుడికి వెళ్లి రండి. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు వచ్చి పూజ చేయించే గుడి ఇది. మీకు వీలైతే దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రం కూడా చూడవచ్చు. పిల్లలతో వచ్చేవాళ్లకు గ్యాలరీ కంటే సూళ్లూరుపేటే హాయి అని నా నమ్మకం.

పళవేర్కాడు

పులికాట్ సరస్సుకు దక్షిణపు కొస, తమిళనాడు వైపు. చెన్నై నుంచి కారులో వెళ్లేవాళ్లకు బాగుంటుంది. సముద్రపు ఒడ్డున నిలబడి ఉత్తరం వైపు చూస్తే రాకెట్ లేచి, పీఎస్‌ఎల్‌వీ అయితే మీకు ఎదురుగా సముద్రం మీదుగా ఆగ్నేయంగా సాగుతుంది. శబ్దం, దారి రెండూ కొంచెం కొంచెం కావాలనుకునేవాళ్లకు మధ్యేమార్గం ఇది. రాత్రి ప్రయోగాలకు మాత్రం తెలిసినవాళ్లు తోడు లేకుండా వెళ్లొద్దు. వెలుతురు తక్కువ, తిరిగి రావడానికి బండి ఉండాలి.

చెన్నై, నెల్లూరు, తిరుపతి డాబాలు: దారి కోసం

చెన్నైలో ఉండే మన తెలుగువాళ్లు చాలామందికి ఇంటి మీద నుంచే రాకెట్ కనబడుతుందని తెలియదు. మెరీనా నుంచి ప్రయోగ వేదికకు సూటిగా 75 కిలోమీటర్లే. ఉత్తరం, తూర్పు వైపు అపార్ట్‌మెంట్లు అడ్డం లేని డాబా ఉంటే చాలు. రాకెట్ ఎగిరిన అర నిమిషం నుంచి నిమిషం లోపు ఉత్తరాన ఇళ్ల కప్పుల మీదుగా లేస్తుంది. నెల్లూరు వాళ్లు ఆగ్నేయం వైపు, తిరుపతి వాళ్లు తూర్పు వైపు చూడాలి.

ఈ దూరం నుంచి చూడాలంటే రాత్రి ప్రయోగాన్ని ఎంచుకోండి. 2022 అక్టోబరు 23న, దీపావళికి ముందు రోజు, అర్ధరాత్రి 12.07కి వన్‌వెబ్ ఉపగ్రహాలతో ఎల్‌వీఎం3 వెళ్లింది. 2024 డిసెంబరు 30న రాత్రి 10 గంటలకు స్పేడెక్స్ జంట ఉపగ్రహాలతో పీఎస్‌ఎల్‌వీ వెళ్లింది. ఇలాంటివాటికి అలారం పెట్టుకుని మెట్లెక్కితే చాలు. పసుపు ఎరుపు కలిసిన వెలుగు ఒకటి పైకి లేస్తూ, నెమ్మదిగా వంగుతూ, చిన్నదవుతూ వెళుతుంది. చప్పుడు లేకపోవడంతో అంత పెద్ద యంత్రం అంత మౌనంగా వెళ్లడం గొంతు పట్టేస్తుంది. బూస్టర్లు విడిపోయే క్షణం బైనాక్యులర్స్‌తో స్పష్టంగా తెలుస్తుంది. పగటి ప్రయోగానికి బైనాక్యులర్స్ వాడేటప్పుడు సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకండి, పిల్లల చేతికి అసలే ఇవ్వకండి.

వేకువజాము ప్రయోగాలు ఇంకా ప్రత్యేకం. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరవ ప్రయోగం ఉదయం 6.23కి జరిగింది, అప్పటికి సూర్యుడు ఇంకా పైకి రాలేదు. నేల చీకట్లో ఉండగానే ఎత్తుకు చేరిన రాకెట్ మీద ఎండ పడుతుంది. గాలి పలుచగా ఉండే చోట పొగ విసనకర్రలా విచ్చుకుని మెరుస్తుంది. సూర్యోదయానికి ముందుగానీ, సూర్యాస్తమయం తర్వాతగానీ సమయం ప్రకటిస్తే దూరంలో ఉన్నవాళ్లు కూడా తప్పకుండా బయటకు రండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బులు ఈ ప్రణాళికలన్నిటినీ తారుమారు చేయగలవు. మబ్బు కమ్మితే చెన్నై డాబా మీద మిగిలేది ఏమీ లేదు. గ్యాలరీలో కనీసం చప్పుడైనా మిగులుతుంది.

విజయవాడ, బెంగళూరు, హైదరాబాద్

ఆశ పెట్టుకోవచ్చు, సెలవు మాత్రం పెట్టొద్దు. భూమి గుండ్రంగా ఉండటం వల్ల విజయవాడకు రాకెట్ 7, 8 కిలోమీటర్లు, హైదరాబాద్‌కు 15 కిలోమీటర్లు పైకి లేచేదాకా దిగంతం కిందే ఉంటుంది. మొదటి దశ విడిపోయే వేళకు కూడా విజయవాడ నుంచి దిగంతానికి చాలా దగ్గరగా ఉంటుంది. చెయ్యి ముందుకు చాపి పిడికిలి పట్టండి. ఆ పిడికిలి ఎత్తు కూడా దాటదు. హైదరాబాద్ నుంచి అందులో సగమే. రాత్రి, ఆకాశం నిర్మలం, అడ్డం లేని డాబా, ఈ మూడూ కుదిరితే చిన్న వెలుగు చుక్క కోసం వెతకవచ్చు. హైదరాబాద్ వాళ్లు ఆగ్నేయం, విజయవాడ వాళ్లు దక్షిణం, బెంగళూరు వాళ్లు తూర్పు వైపు.

టీవీ, యూట్యూబ్: మొత్తం కథ కోసం

ఇది ఏమీ కుదరనివాళ్లు చూసేదని అనుకోకండి. గ్యాలరీలో ఉన్నవాళ్లకు దొరికేది మొదటి రెండు మూడు నిమిషాలు. ఉపగ్రహం విడిపోయిందా, కక్ష్యలోకి చేరిందా అన్నది తెలిసేది ఆ తర్వాతే. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 ఉదయం 5.59కి చక్కగా లేచింది. నేల మీద నుంచి చూసినవాళ్లకు అందులో ఏ తేడా కనబడలేదు. మూడో దశలో లోపం వచ్చి ప్రయోగం విఫలమైన సంగతి తెర ముందు ఉన్నవాళ్లకే వెంటనే అర్థమైంది. ఇస్రో యూట్యూబ్ చానెల్, దూరదర్శన్ రెండిట్లోనూ వస్తుంది. పెద్ద టీవీలో దూరదర్శన్, చేతిలో ఫోన్ వద్దు. ఇంట్లో పెద్దవాళ్లను, పిల్లలను ఒక చోట కూర్చోబెట్టి, ఏ దశ ఎప్పుడు విడిపోవాలో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించి చూడండి. రాకెట్ తెర మీద ముందే గీసి ఉన్న దారిలోనే వెళుతోందా అని పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట

2025 మొత్తంలో శ్రీహరికోట నుంచి కక్ష్యకు బయలుదేరినవి ఐదే ప్రయోగాలు. ఫ్లోరిడాలో కేప్ కెనవెరల్ వైపు వారానికి ఒకటికి మించే ఉంటాయి. అక్కడి మన వాళ్లకు వాయిదా భయం తక్కువ, ఓర్లాండో ట్రిప్‌లో రెండు రోజులు ఖాళీ ఉంచుకుంటే చాలు. టైటస్‌విల్ ఊళ్లో నది ఒడ్డున మడత కుర్చీ వేసుకుని ఉచితంగా చూడవచ్చు.

మరి మీరు?

మొదటిసారి, చేతిలో రెండు మూడు రోజులు, ఒంట్లో ఓపిక ఉంటే గ్యాలరీ. వేరే దేని గురించీ ఆలోచించొద్దు. పాస్ కోసం ఒకటి రెండు ప్రయోగాలు ఆగాల్సి వచ్చినా ఆగండి. ఒక్క రోజే సెలవుంటే, లేదా పిల్లలుంటే సూళ్లూరుపేట. ఫొటోలు తీయాలనుకునేవాళ్లు గ్యాలరీ కంటే చెన్నై వైపు రాత్రి ప్రయోగమే ఎంచుకోండి. కెమెరాను స్టాండ్ మీద కదలకుండా పెట్టి కొన్ని నిమిషాలు షట్టర్ తెరిచి ఉంచితే ఆ వంపు మొత్తం ఒకే గీతగా పడుతుంది. అమ్మానాన్నలకు చూపించాలనుకుంటే వాళ్లను ఎండలో కూర్చోబెట్టకండి. తిరుపతి దర్శనానికి తీసుకెళ్లినప్పుడు ప్రయోగం కలిసొస్తే హోటల్ డాబా మీద తూర్పు వైపు కుర్చీ వేయండి.

ఎక్కడి నుంచి చూసినా, ఫోన్‌ను వెడల్పుగా పెట్టి దేనికైనా ఆనించి రికార్డింగ్ నొక్కి వదిలేయండి. కళ్లు మాత్రం ఆకాశం మీదే ఉంచండి. చూపు తప్పితే ఆ రెండు నిమిషాలు మళ్లీ రావు. పోయినసారి షార్ రోడ్డు మీద నుంచి తిరిగొస్తుండగా బండ్లన్నీ ఆగిపోయాయి. ముందున్న ఆటోలో డ్రైవరు ఫోన్లో లైవ్ పెట్టి శబ్దం పెంచాడు. చుట్టూ ఉన్న బైకుల వాళ్లు ఇంజన్లు ఆపి ఆ ఆటో చుట్టూ చేరారు. ఉపగ్రహం విడిపోయిందని వినబడగానే అందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాతే ఒకరొకరుగా బండ్లు స్టార్ట్ చేశారు.